లీటరుకు ఇరవై ఎనిమిది

కోటిలింగం సన్నాయి మేళానికి చుట్టుపక్కల ఇరవై ఊళ్లలో పేరుంది. ఆ పేరుకు ఒకే ఒక్క మచ్చ. నిరుడు మాఘమాసంలో గంగవరప్పాడు పెళ్లికి బయలుదేరితే, డోలుకు మనిషి టిక్కెట్టు కొట్టాలా, సామాను టిక్కెట్టు కొట్టాలా అన్నది తేలక కండక్టరు బస్సును స్టాండులోనే నిలబెట్టాడు. అది తేలేలోపు అక్కడ ముహూర్తం వచ్చి వెళ్లిపోయింది. పెళ్లికూతురి మేనమామ ఇత్తడి పళ్లెం మీద గరిటెతో వాయిస్తుంటే సూత్రం కట్టించారు.

పప్పులో ఉప్పు చాలలేదన్నది జనం నాలుగు రోజుల్లో మరిచిపోతారు. గట్టిమేళం మోగలేదన్నది మాత్రం ఆ దంపతులకు మనవలు పుట్టినా మరవరు. ముహూర్తానికి అందని మేళాన్ని రెండోసారి పిలిచేవాడు ఉండడు. అందుకని కోటిలింగం కారు కొందామనుకున్నాడు. అనుకుని ఎవరికీ చెప్పలేదు. ఆయన సన్నాయి నోట్లో ఉన్నప్పుడు తప్ప పెద్దగా మాట్లాడే మనిషి కాదు. మాట్లాడే పనంతా బావమరిది అంకమరావు చూసుకునేవాడు. అంకమరావుది డోలు. మనిషీ డోలుకు తగ్గట్టే ఉంటాడు. శ్రుతిపెట్టె పట్టుకునే పేరయ్య పెదనాన్నకు డెబ్బై దాటాయి, ఎక్కడ కూర్చోబెడితే అక్కడే నిద్రపోతాడు. మేళమంటే ఈ ముగ్గురే.

ఆ ముగ్గురూ కలిసి ఒంగోలులోని శుభప్రయాణ మోటార్సుకు వెళ్లారు. గోడ మీద ఎర్రటి బోర్డు ఉంది, దాని మీద మనిషెత్తు అంకెలు: లీటరుకు 28. ఆ ఎనిమిది నెత్తి మీద చిన్న చుక్కగుర్తు. చుక్కగుర్తుకు వివరణ బోర్డు అడుగున చీమలు బారు తీసినట్టు ఉంది. కోటిలింగం వంగి చదవబోతే, అది మన కోసం కాదని, చట్టం కోసమని సేల్సు మేనేజరు ఆయన్ని భుజం పట్టి లేపాడు.

ధర సంగతి వచ్చింది. బండి మీద అతికించిన కాగితంలో ఒక ధర ఉంది, మేనేజరు చేతిలో కాగితంలో ఇంకో ధర ఉంది. రెంటికీ మధ్య లక్షా డెబ్బై వేలు తేడా. ఇదేంటని అంకమరావు అడిగాడు.

"అది షోరూం ధర సార్. ఆ ధరకు బండి షోరూంలో ఉంటుంది. మీరు రోడ్డు మీదికి తీసుకెళ్తామంటున్నారు కాబట్టి ఆన్‌రోడ్ ధర."

"కారు కొనేవోళ్లు అందరూ రోడ్డు మీదికే గదయ్యా తీసకబోయేది."

"అందుకే అందరూ ఆన్‌రోడ్ ధరే కడుతున్నారు సార్."

పన్ను, బీమా, రిజిస్ట్రేషను అయ్యాక, బండిని గోడౌను నుంచి షోరూంకు తోలినందుకు ఒక చార్జీ, షోరూం నుంచి గేటు దాకా తోలబోతున్నందుకు ఒక చార్జీ వచ్చాయి. తర్వాత అత్యవసర కిట్టు అని కాళ్ల కింద పట్టాలు, ఒక సెంటు సీసా, తాళంచెవికి తగిలించే తోలుముక్క. అవి లేకుండా బండి ఇవ్వరు. స్టీరింగు కూడా కిట్టులోనే ఉందా అని అంకమరావు అడిగితే, అది బండితోనే వస్తుందని, ఈ నెలాఖరు దాకా ఆఫరని చెప్పారు.

చివరి పద్దు శుభారంభ ప్యాకేజీ. చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ, పూలదండ, కుంకుమ బొట్టు, మంగళవాయిద్యం కలిపి ఆరువేల ఎనిమిది వందలు. మంగళవాయిద్యమంటే మేనేజరు సెల్‌ఫోన్లో సన్నాయి పాట పెట్టి స్పీకరుకు తగిలిస్తాడు. కోటిలింగం సంచిలోంచి సన్నాయి తీసి చూపించాడు. అంకమరావు డోలు గుడ్డ విప్పాడు. మేనేజరు రెండింటినీ గౌరవంగా చూశాడు. కస్టమరు స్వయంగా వాయించుకోవడానికి కంపెనీకి అభ్యంతరం లేదని, ప్యాకేజీని మాత్రం విడగొట్టడానికి వీల్లేదని అన్నాడు. అటు స్పీకరు మోగింది, ఇటు మేళం మోగింది. రెండిటి శ్రుతి కలవలేదు. నిమ్మకాయలు మాత్రం చక్కగా నలిగాయి.

ఈ ఏటి మాఘంలో కోటిలింగం పదకొండు పెళ్లిళ్లు ఒప్పుకున్నాడు. రానుపోను పెట్రోలు తనదేనన్నాడు. ఇరవై ఎనిమిది లెక్కన వేసుకుంటే మిగులుతుంది. మొదటి పెళ్లికి వెళ్లొచ్చాక ట్యాంకు నింపించి, తిరిగిన దూరాన్ని పట్టిన పెట్రోలుతో భాగించాడు. పదమూడు వచ్చింది. భాగహారం తప్పిందేమోనని ఊళ్లో లెక్కల మాస్టారు చేత చేయించాడు. మాస్టారికి పన్నెండున్నర వచ్చింది.

షోరూం వెనక సర్వీసు గదిలో టై కట్టుకున్న అడ్వైజరు ఉన్నాడు. ఆయన బండికి వైరు తగిలించి కంప్యూటరు చూసి, సంతోషంగా తల ఊపాడు.

"బండి ఇరవై ఎనిమిది ఇస్తోంది సార్. మీరు పదమూడే తీసుకుంటున్నారు."

మిగతా పదిహేనూ ఎక్కడికి పోతున్నాయని అంకమరావు అడిగాడు. అడ్వైజరు ఒక ఫారం తీసి, ఫిర్యాదు స్వభావం అన్న చోట 'వినియోగదారుని స్వీకరణ లోపం' అని రాసి కోటిలింగం చేత సంతకం పెట్టించుకున్నాడు. ఆ ఫారం నియమం ప్రకారం మైలేజీ సత్యనిర్ధారణ మండలికి వెళ్లింది. వారం తిరక్కుండా అక్కడి నుంచి కోటిలింగానికి తాఖీదు వచ్చింది.

మండలి ఉపసంచాలకులు హేమనళిని గారు మర్యాదస్తురాలు. కూర్చోమని, మంచినీళ్లు తెప్పించి, బండి ధ్రువపత్రం ఆయన ముందు పరిచారు.

"మైలేజీ అంటే జరిగేది కాదు, కోటిలింగం గారూ. ధ్రువీకరించేది. జరిగేది ఊరికొక రకంగా ఉంటుంది. ధ్రువీకరణ దేశమంతటికీ ఒకటే."

బండిని ఏ రోడ్డు మీద పరీక్షించారని కోటిలింగం అడిగాడు. ఆ రోజుకు ఆయన ఆడిన మొదటి మాట అదే. రోడ్డు మీద కాదని, గదిలో ఇనుప రోలర్ల మీద నిలబెట్టి చక్రాలు తిప్పించారని ఆవిడ చెప్పారు. గాలి లేదు, మిట్ట లేదు, పల్లం లేదు, బ్రేకు లేదు, కిటికీలు మూసి ఉన్నాయి, లోపల ఒక్కడే డ్రైవరు.

"అంటే బండి యాడికీ పోలేదా అమ్మా?"

"ఎక్కడికో వెళ్లాలనుకోవడం దగ్గరే వినియోగదారుల పొరపాటు మొదలవుతోంది" అన్నారావిడ విచారంగా.

తర్వాత తాఖీదు చదివి వినిపించారు. సదరు వాహనము ధ్రువీకృత మైలేజీని ఇవ్వనియెడల సదరు వాహనము ధ్రువీకృత వాహనము కాజాలదు. ధ్రువీకృతము కాని వాహనము రోడ్డుపై సంచరింపరాదు. అందువలన యజమాని పదిహేను దినముల లోపల తన సంచారమును ధ్రువపత్రమునకు అనుగుణముగా సవరించుకొని ఇరవై ఎనిమిది సాధింపవలెను. లేనియెడల రిజిస్ట్రేషను రద్దగును.

ఆ పదిహేను రోజుల్లో కోటిలింగానికి నాలుగు పెళ్లిళ్లున్నాయి. ఆ తర్వాత మాఘం అయ్యేలోపు ఇంకో ఆరు. బండి పోతే మళ్లీ బస్సు, మళ్లీ కండక్టరు. ఆయన లేచి నిలబడి, సరేనమ్మా అన్నాడు.

సవరణను పర్యవేక్షించడానికి మండలి ఒక పరిశీలకుడిని ఇచ్చింది. పేరు గరుడాచలం. ఆయన బండి పెట్రోలు గొట్టానికి ఒక మీటరు బిగించాడు. అది బయలుదేరినప్పటి నుంచి వచ్చిన సగటు మైలేజీ అంకెను క్షణక్షణానికీ చూపిస్తుంది. ఒళ్లో ధ్రువపత్రం పరుచుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

ఆ నాలుగింటిలో మొదటి పెళ్లి రోజున ఆయన వెనక్కు తిరిగి చూసి, డ్రైవరు కాక ఇంకా ఎవరెవరున్నారో రాసుకున్నాడు. డోలు, డోలు మనిషి, శ్రుతిపెట్టె, నిద్రపోతున్న వృద్ధుడు. ధ్రువపత్రంలో వీళ్లెవరూ లేరు కాబట్టి దిగమన్నాడు. అంకమరావు దిగలేదు.

"మరి తమరో? తమరు తొంభై కేజీలుంటారు గదండీ."

"నాది ప్రభుత్వ బరువు. అది లెక్కలోకి రాదు" అన్నాడు గరుడాచలం, కోపం లేకుండా.

అంకమరావు, పేరయ్య బస్సులో వచ్చేసరికి పెళ్లి అయిపోయి రెండో బంతి భోజనాలు లేచాయి. కోటిలింగం డోలు లేకుండా ఒక్కడే గట్టిమేళం వాయించాడు. ముసలమ్మలు ముఖముఖాలు చూసుకున్నారు. మీటరు మాత్రం పదిహేడు చూపించింది. గరుడాచలం అభినందించాడు.

రెండో పెళ్లికి బ్రేకు సంగతి వచ్చింది. బ్రేకు తొక్కడమంటే కాలిన పెట్రోలును రోడ్డు మీద పారబోయడమేనని గరుడాచలం వివరించి, బ్రేకు మీద ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం అతికించాడు. గొర్రెలు, బర్రెలు, స్పీడుబ్రేకర్లు ఉన్న దారిలో అదెట్టా కుదురుతుందని అంకమరావు అడిగాడు. ముందు ఒక మనిషి వెళ్లి దారి సవరించాలని గరుడాచలం అన్నాడు. దాంతో అంకమరావు పొరుగింటివాళ్ల మోపెడ్డు అడిగి తెచ్చుకుని, డోలు ముందు పెట్టుకుని, ఒక చేత్తో హ్యాండిలు, ఒక చేత్తో డోలు వాయిస్తూ కారు ముందు పోయాడు. మోపెడ్డుకు అయిన పెట్రోలు వేరే ఫైలు కిందికి వస్తుందట. డోలు చప్పుడు విని గొర్రెలు ఒక పక్కకు తప్పుకున్నాయి, ఊళ్లో జనం శవమేమోనని రెండో పక్కకు తప్పుకున్నారు.

పెళ్లివారి ఇల్లు వచ్చింది. బ్రేకు లేదు. కారు పందిరిని దాటి, వీధి చివర మలుపు తిరిగి, మళ్లీ ఇంటి ముందుకొచ్చింది. అట్లా మూడుసార్లు ఇంటి చుట్టూ తిరిగి నాలుగోసారి దానంతట అది అరుగు పక్కన ఆగింది. ఇదేదో కొత్తగా వచ్చిన ఆచారమనుకుని మగపెళ్లివారు ఎదురొచ్చి కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాతి వారం ఆ ఊళ్లో జరిగిన ఇంకో పెళ్లిలో కారున్న చుట్టాలందరి చేతా మూడేసి చుట్లు తిప్పించారని తెలిసింది.

మీటరు ఇరవై.

మూడో పెళ్లికి గాలి అడ్డం వచ్చింది. పడమటి గాలి ఉండి ఉండి ఎదురు కొడుతోంది. ధ్రువపత్రంలో గాలి లేదు. గరుడాచలం బండిని రోడ్డు పక్కన దానంతట అది ఆగనిచ్చి, కర్రకు దూది పింజె కట్టి పట్టుకున్నాడు. పింజె నిలిచే దాకా కదలకూడదన్నాడు. ఆ పక్కనే కంది కళ్లంలో మొగుడూ పెళ్లాం చేటలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లు తూర్పార పట్టడానికి గాలి కోసం కాచుకున్నారు, వీళ్లు గాలి ఆగడానికి కాచుకున్నారు. గాలి లేస్తే వాళ్లు చేటలెత్తుతారు, గాలి పడితే వీళ్లు కారెక్కుతారు. కాసేపటికి ఇరుపక్షాల మధ్యా పరిచయమైంది. వాళ్ల కంది పొట్టు అంతా ఎగిరి వచ్చి కారు మీద పడింది.

"మీ పని అయిందాకా మాకు పని అవదండీ" అంది ఆవిడ గరుడాచలంతో, జాలిగా. "మా పని అయిందాకా మీకవదు. ఎవురో ఒకరు ఇంటికి పోతే బాగుండు."

గరుడాచలం ఆ మాట కూడా రాసుకున్నాడు. రెండు గంటలు పోయాయి. పురోహితుడు కోటిలింగాన్ని చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు కావడం వల్ల సంకల్పం రెండోసారి చెప్పించి, గోత్రాలు మూడోసారి అడిగి కాలం గడిపాడు. పెళ్లికొడుకు సూత్రం పట్టుకుని చేతులెత్తే వేళకు కోటిలింగం చెప్పులతోనే పందిట్లోకి పరిగెత్తాడు. అంత వయసులో ఆయన పరిగెత్తగా అంకమరావు ఎప్పుడూ చూడలేదు.

మీటరు ఇరవై మూడు. ఇక మిగిలింది ఒకే పెళ్లి, మూడు రోజుల గడువు.

ఆ చివరి పెళ్లి వలపర్లపాడులో. పెళ్లికూతురి తల్లి రమణమ్మ పెళ్లికి ఇరవై ఆరేళ్ల కిందట కోటిలింగం తండ్రి వాయించాడు. కూతురి పెళ్లికి ఆ ఇంటి సన్నాయే కావాలని ఆవిడ తానే వచ్చి తాంబూలం ఇచ్చి వెళ్లింది. ముహూర్తం పది గంటల యాభై రెండు నిమిషాలకు. ఊరు ముప్పై నాలుగు కిలోమీటర్లు, నడుమ చిలకల మిట్ట. మూడు కిలోమీటర్లు ఎక్కాలి, నాలుగు దిగాలి.

"మిట్ట ధ్రువపత్రంలో లేదు" అన్నాడు గరుడాచలం.

ఇంజను ఆపేసి ఎక్కించాలని ఆయన తేల్చాడు. మిట్ట కింద పిచ్చయ్య అని ఒక రైతు ఉన్నాడు. అతనికి ఒంగోలు జత ఉంది, అవి బండలాగుడు పందేల్లో లాగిన గిత్తలు. పిచ్చయ్య కారు చుట్టూ తిరిగి చూసి, చక్రాలు బాగానే ఉన్నాయే, దీనికేం రోగమని అడిగాడు. రోగం లేదని, ఇరవై ఎనిమిది ఇవ్వాలని చెప్పారు.

"అది ఇయ్యాల్సింది నా ఎద్దులు ఇయ్యటమేంది?"

"ఎద్దులు ఇంధనం అనే నిర్వచనంలోకి రావు" అని గరుడాచలం భరోసా ఇచ్చాడు.

మోకు కారు ముందు కొక్కేనికి కట్టి కాడికి తగిలించారు. కోటిలింగం స్టీరింగు పట్టుకుని, గరుడాచలం మీటరు చూస్తూ, అంకమరావు మోపెడ్డు మీద వెనక వస్తూ, పేరయ్య మోపెడ్డు మీద నిద్రపోతూ, చిలకల మిట్ట ఎక్కారు. ఎదురొచ్చిన లారీ డ్రైవరు ఒకడు తన లారీ ఆపి దిగి, దండం పెట్టి పోయాడు. మిట్ట పైన పిచ్చయ్య మోకు విప్పి, ఎద్దుల మూపులు నిమిరి వెనక్కు తిరిగాడు. ఆ పైన కారు తనంతట తాను పల్లం దిగి, మిగతా దారంతా ఇంజను మీద మెల్లగా పోయింది. గాలి లేదు. బ్రేకు లేదు. మీటరులో అంకె ఎక్కుతూ పోయింది. ఇరవై ఐదు, ఇరవై ఏడు. ఇరవై ఎనిమిది కనిపించగానే కోటిలింగం మొదటిసారి నవ్వాడు. ముప్పై అయింది. ముప్పై రెండయింది. పందిరికి నూరు గజాల దూరంలో కారు ఆగేసరికి ముప్పై నాలుగు.

టైము పది నలభై ఒకటి. కోటిలింగం తలుపు మీద చెయ్యి వేశాడు.

"దిగకూడదు" అన్నాడు గరుడాచలం. ఆయన ముఖం పాలిపోయి ఉంది. "ముప్పై నాలుగు ఇరవై ఎనిమిది కాదు."

"ఎక్కువే గదండీ వచ్చింది."

"ఎక్కువైనా తప్పే. ధ్రువపత్రం తక్కువ చెప్పిందని అర్థమొస్తుంది. మండలి తక్కువ చెప్పదు."

ఊరు చేరాక ఇంజను ఆపితే లెక్క ముప్పై నాలుగు దగ్గర ముగుస్తుంది, రిజిస్ట్రేషను పోతుంది. ఆపకుండా ఉన్నచోటే నడిపిస్తే, కదలకుండా కాలే పెట్రోలు వల్ల అంకె నెమ్మదిగా దిగుతుంది. ఇరవై ఎనిమిదికి దిగాలంటే పదహారు నిమిషాలు పడుతుందని గరుడాచలం వేళ్ల మీద లెక్కవేశాడు. ఇంజను నడుస్తున్నంతసేపూ డ్రైవరు సీట్లోనే ఉండాలి, కిటికీలు మూసి ఉండాలి. ముహూర్తానికి పదకొండు నిమిషాలుంది.

కోటిలింగం కూర్చున్నాడు. అద్దాల్లోంచి పందిరి కనిపిస్తోంది, ఏమీ వినిపించడం లేదు. పందిట్లోంచి ఒకరొకరే తొంగి చూసి పోతున్నారు. ఇక్కణ్ణించే వాయిస్తానని సన్నాయి తీశాడు. మూసిన అద్దాల లోపల ఒక్కసారి ఊదగానే గరుడాచలం రెండు చెవులూ మూసుకున్నాడు. బయట అరుగు మీద పడుకున్న కుక్క తల కూడా ఎత్తలేదు. సన్నాయి దించాడు. మీటరు ముప్పై ఒకటిన్నర. టైము పది నలభై ఏడు.

అప్పుడు రమణమ్మ వచ్చింది. పట్టుచీరె కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని, పీటల మీది నుంచే లేచి వచ్చినట్టుంది. అద్దం మీద వేళ్లతో కొట్టింది. గరుడాచలం తల అడ్డంగా ఊపాడు. ఆవిడ అద్దానికి నోరు ఆనించి, లోపలికి అందేటట్టు నెమ్మదిగా అంది.

"అన్నా, నా మెడలో సూత్రం పడేటప్పుడు మీ నాయన ఊదాడు. ఆయన పోయినా ఆ ఊదటం నాకింకా ఇనపడతానే ఉంది. నా బిడ్డకి అదొక్కటి ఇచ్చి, ఆనక నువ్వు కారులో ఎంతసేపన్నా కూర్చో."

కోటిలింగం మీటరు వైపు చూశాడు. గరుడాచలం వైపు చూశాడు. బెల్టు విప్పుకున్నాడు.

"మీ బండి పోతుంది, కోటిలింగం గారూ" అన్నాడు గరుడాచలం. నిజంగానే బాధపడుతూ అన్నాడు.

"తోలుకపొండి" అని కోటిలింగం ఇంజను అట్లాగే ఉంచి దిగిపోయాడు.

అంకమరావు అప్పటికే డోలు మెళ్లో వేసుకుని పందిరి గుంజ దగ్గర నిలబడి ఉన్నాడు. పది యాభై రెండుకు పురోహితుడు చెయ్యెత్తాడు. ఆ రోజు మోగిన గట్టిమేళం గురించి వలపర్లపాడులో ఇప్పటికీ చెప్పుకుంటారు. పేరయ్య పెదనాన్న నిద్రలేచి, కూర్చుని, కళ్లు తుడుచుకున్నాడట.

అక్షింతలూ తలంబ్రాలూ అయ్యాక కోటిలింగం వచ్చి చూస్తే, కారు నడుస్తూనే ఉంది. గరుడాచలం లోపల చెమటలో తడిసి ముద్దయ్యాడు. మీటరు ఇరవై రెండు చూపిస్తోంది.

"వచ్చింది" అన్నాడాయన. "పది యాభై ఏడుకు సరిగ్గా ఇరవై ఎనిమిది వచ్చింది. నా సర్వీసులో మొదటిసారి కళ్లారా చూశాను."

"మరి ఆపకపోయారా?"

"తాళంచెవి ముట్టే అధికారం పరిశీలకుడికి లేదండీ."

కోటిలింగం చెయ్యి లోపలికి పెట్టి ఇంజను ఆపాడు. భోజనాలు వడ్డిస్తున్నారు, దిగి రమ్మన్నాడు. గరుడాచలం దిగి, మూడో బంతిలో కూర్చుని, పూర్ణాలు నాలుగు తిన్నాడు.

మూడో రోజుకల్లా మండలి ఉత్తర్వు వచ్చింది. హేమనళిని గారు కోటిలింగాన్ని పిలిపించి, మంచినీళ్లు తెప్పించి, తామే చదివి వినిపించారు. సదరు వాహనము యజమాని సీటులో నున్నంతవరకు ఏ దినమునను ధ్రువీకృత మైలేజీని ఇచ్చి నిలుపుకొనలేదు. యజమాని దిగిన పదో నిమిషమున సదరు వాహనము ఇరవై ఎనిమిదిని నిష్కర్షగా సాధించినది. కావున వాహనము నిర్దోషి. ధ్రువపత్రము సత్యము. లోపము యజమానియందే కలదని నిర్ధారణ అయినది. వాహనమును రద్దుచేయుట అన్యాయమగును గనుక, యజమానిని మాత్రము రద్దుచేయడమైనది.

బండి మరి ఎవరిదమ్మా అని కోటిలింగం అడిగాడు.

దానికీ ఉత్తర్వులో పేరా ఉంది. పరీక్షాకాలమంతటిలోను సదరు వాహనమును మూడు కిలోమీటర్లు నడిపియు ఒక్క చుక్క ఇంధనమైనను వృథా చేయని ఏకైక వ్యక్తి చిలకల మిట్ట వాస్తవ్యుడు పిచ్చయ్య. వాహనమును ఆయన పేరునకు బదలాయించడమైనది. బ్యాంకు అప్పు మాత్రం కోటిలింగం పేరనే ఉంచారు. వాయిదాలు కట్టడంలో ఆయన సామర్థ్యం పట్ల మండలికి ఎలాంటి ఫిర్యాదూ లేదు.

కోటిలింగం ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నేరుగా చిలకల మిట్టకు వెళ్లాడు. పిచ్చయ్య ఇంటి ముందు కొట్టంలో కారు ఉంది. గరుడాచలం స్వయంగా లాగించుకొచ్చి అప్పగించి రశీదు తీసుకున్నాడట. పిచ్చయ్యకు కారు తోలడం రాదు, నేర్చుకునే ఉద్దేశమూ లేదు. అందులో ఎద్దుల పట్టెడలూ మువ్వలూ పెట్టుకున్నాడు, వానకు తడవవని.

"నాకిదేం కర్మ కోటిలింగమన్నా? అమ్ముదామంటే మండలి ఒప్పుకోదంట. కొన్నోడికి ఇరవై ఎనిమిది రాకపోతే నన్ను బట్టుకుంటారంట."

కోటిలింగం కాసేపు ఎద్దుల్ని చూశాడు. ఇంకా ఆరు ముహూర్తాలున్నాయన్నాడు. పిచ్చయ్యకు అర్థమైంది. కూలి మాట్లాడుకున్నారు.

అప్పటి నుంచి మేళం పెళ్లికి ముందు రోజు మధ్యాహ్నమే బయలుదేరుతోంది. కాడికి మోకు, మోకుకు కారు. స్టీరింగు దగ్గర కోటిలింగం, పక్కన అంకమరావు, వెనక డోలు, డోలుకు తల ఆనించి పేరయ్య. ఇప్పుడు ఎవరినీ ఎవరూ దిగమనడం లేదు. పిచ్చయ్య ముందు నడుస్తాడు. ఆరు పెళ్లిళ్లలో ఒక్క ముహూర్తం తప్పలేదు. దారిలో ఒకసారి గరుడాచలం జీపు ఎదురైతే, ఆయన జీపు ఆపించి, దిగి, టోపీ తీసి నిలబడ్డాడు.

మాఘం చివరి పెళ్లిలో, విడిది ముందు కారు ఆగగానే, మగపెళ్లివారిలో ఒక పెద్దమనిషి బయటికొచ్చి ఎద్దుల్ని, మోకును, కారును వరసగా చూశాడు. ఎక్కడ కారు ఆగినా ఎవరో ఒకరు అడిగే మాటే ఆయనా అడిగాడు.

"ఎంతిస్తందయ్యా ఇది?"

కోటిలింగం సన్నాయి గుడ్డతో తుడుచుకుంటూ తలెత్తాడు.

"ఇరవై ఎనిమిదండీ" అన్నాడు. "తవుడూ, జొన్నచొప్పా అదనం."